ఐదు నిమిషాల పాట

బస్సు టికెట్టు వెనకాల తాళం లెక్కలు రాసుకోవడం ఆ అమ్మాయికి అలవాటు. త్రిపురారంలో బస్సెక్కి మిర్యాలగూడలో దిగేలోపు చిన్న కాగితం నిండిపోతుంది. తకిట, తకధిమి... పక్కన ఒక గీత, కింద ఇంకో గీత. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఇచ్చేది జీరో టికెట్టే. అయితేనేం, వెనకవైపు ఖాళీగానే ఉంటుంది కదా! ఎనిమిదేళ్లుగా ఆదివారం వస్తే ఇదే ప్రయాణం. మిర్యాలగూడలో ఓ అద్దె ఇంటి మేడమీద, రేకుల కింద, కూచిపూడి నేర్పే మేడమ్ దగ్గరికి.

మొన్నటి మార్చి చివర్లో ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. పుస్తకాలు అటక ఎక్కించిన రోజే మేడమ్ ఫోనుకు ఒక కబురు వచ్చింది. హైదరాబాద్‌లో ఒక నృత్య సంస్థ కొత్త కూచిపూడి బ్యాలే తలపెట్టింది. అమ్మాయిలు కావాలి. ఏప్రిల్ మూడో ఆదివారం ఆడిషన్. ఐదు నిమిషాలకు మించకుండా ఏదైనా ఒక అంశం చేసి చూపించాలి. సంగీతం ఎవరిది వారే తెచ్చుకోవాలి.

బ్యాలే అంటే తెల్ల గౌన్లు వేసుకుని కాలివేళ్ల కొసల మీద నిలబడి ఆడే యూరప్ నాట్యం కాదు. తెలుగునాట నృత్య నాటకాన్ని బ్యాలే అనడం ఎప్పుడో అలవాటైపోయింది. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, శ్రీకృష్ణ పారిజాతం, క్షీరసాగర మథనం, చండాలిక వంటివి వరసగా రంగం ఎక్కించాక ఆ మాట ఇంకా స్థిరపడింది. రాత్రి తెల్లవార్లూ సాగే పాత భాగవతాలను ఆయన రెండు మూడు గంటల ప్రదర్శనకు కుదించారు. దానికి భుజంగరాయశర్మ వంటి కవులు మాటలు కూర్చారు. పట్రాయని సంగీతరావు బాణీలు కట్టారు. 2021లో నూరేళ్ల వయసులో కన్నుమూసిన ఆ సంగీతరావు గారి పాటల మీద అడుగులు నేర్చుకున్న నర్తకీమణులు దేశదేశాల్లో ఉన్నారు.

ఐదు నిమిషాలే! ఎనిమిదేళ్ల చదువును ఐదు నిమిషాల్లో చూపించాలి. ఏ పాట?

ఆ రాత్రి ఇంట్లో అన్నాలయ్యాక అదే చర్చ. నాన్నకు ఎడమ కాలువ కింద రెండెకరాల వరి ఉంది. కోతలు దగ్గర పడ్డాయి, హార్వెస్టర్ కోసం రోజూ ఎవరికో ఒకరికి ఫోన్ చేస్తున్నాడు. అయినా పాట దగ్గరికి వచ్చేసరికి ముందుకు జరిగి కూర్చున్నాడు.

"స్వర్ణకమలంల పాట పెట్టు బిడ్డా. జనం లేసి నిలబడ్తరు."

విశ్వనాథ్ తీసిన స్వర్ణకమలం (1988) టీవీలో ఎన్నిసార్లు వచ్చినా ఆయన చానల్ మార్చడు. కూచిపూడి గురువు కూతురై పుట్టీ నాట్యమంటే ఇష్టపడని అమ్మాయి కథ అది. తన కూతురు అలా కాదని ఆయనకు లోలోపల సంతోషం.

"దేవుని పాట పెట్టుకో, శుభం" అంది అమ్మ, జాకెట్టుకు హుక్కులు కుడుతూ.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే పెదనాన్న కొడుకు ఫోన్లోనే సలహా ఇచ్చాడు. "మన తెలంగాణ డ్యాన్స్ ఉండగా వేరేది ఎందుకే? పేరిణి చెయ్యి." ఆ అన్న మాటలోనూ న్యాయం ఉంది. కాకతీయుల సేనాని జాయప రాసిన నృత్తరత్నావళిలోని లక్షణాలనూ రామప్ప గుడి రాతి బొమ్మలనూ పట్టుకుని, నటరాజ రామకృష్ణ పేరిణికి మళ్లీ ప్రాణం పోశారు. కానీ మద్దెల మోతకు ఒళ్లంతా కదలాల్సిన ఆ నాట్యాన్ని మూడు వారాల్లో నేర్చుకోవడం ఎవరి తరం? రాని దాన్ని ఎంచుకుంటే అది ఎంపిక కాదు, సాహసం.

నాయనమ్మ మాత్రం ఏమీ చెప్పలేదు. నవారు మంచం మీద పడుకుని అందరి మాటలూ విన్నది. చివరికి, "గింతమంది గిన్ని సెప్తే పిల్ల ఏది ఆడాలె? పండనియ్యుండ్రి" అని లైటు తీసేయించింది.

అమ్మాయి మాత్రం అప్పటికే నిర్ణయించుకుంది. తరంగం.

నారాయణతీర్థుల శ్రీకృష్ణలీలా తరంగిణిలోని పాట. ఇత్తడి పళ్లెం అంచుల మీద రెండు పాదాలూ ఆనించి, పళ్లేన్ని కదుపుతూ, తాళం తప్పకుండా ముందుకూ వెనక్కూ సాగడం. కూచిపూడి అనగానే పది మందిలో తొమ్మిది మందికి గుర్తొచ్చేది ఈ పళ్లెమే. ఊళ్లో వినాయక చవితి పందిట్లో ఆమె పళ్లెం ఎక్కితే పిల్లలు కూడా అల్లరి ఆపేస్తారు. దిగేసరికి చప్పట్లు. ఇంతకన్నా భద్రమైన పాట ఇంకేముంటుంది?

ఈ ఆలోచన ఒక్క త్రిపురారం అమ్మాయిదే కాదు. యూరప్ బ్యాలేలోనూ అంతే. 1895లో సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రదర్శనలో పియరీనా లెన్యానీ అనే నర్తకి హంసల కథలో ఒంటికాలి మీద 32 సార్లు గిరగిరా తిరిగింది. అప్పటినుంచీ ఆ ఘట్టానికి అది తప్పనిసరి లెక్క అయి కూర్చుంది. తిరగగలిగిన పిల్లలందరికీ అదే చేసి మెప్పించాలని ఆశ. స్విట్జర్లాండ్‌లోని లొసాన్ పట్టణంలో 1973 నుంచి యువ నర్తకులకు పేరున్న పోటీ ఒకటి జరుగుతోంది. అక్కడ శాస్త్రీయ అంశాన్ని నిర్వాహకులు ఇచ్చిన జాబితాలోంచే ఎంచుకోవాలి. ఎంచుకునే స్వేచ్ఛ పూర్తిగా చేతికిస్తే చాలామంది ఎటు మొగ్గుతారో పెద్దలకు తెలుసు. తమకు సరిపడేదాన్ని కాదు, చూసేవాళ్లు నోరు తెరిచేదాన్ని పట్టుకుంటారు.

మొదటి చిక్కు కత్తెర దగ్గర వచ్చింది. పూర్తి తరంగం పావుగంట. దాన్ని ఐదు నిమిషాలకు కుదించాలి. మిర్యాలగూడ బస్టాండు దగ్గర మొబైల్ షాపు కుర్రాడు పెన్‌డ్రైవ్ తీసుకుని పది నిమిషాల్లో పని ముగించాడు. సరిగ్గా ఐదు నిమిషాల దగ్గర కోసి ఇచ్చాడు. మధ్యలో రెండు చోట్ల అతికించాడు. చెవికి బాగానే ఉంది. కాలు పెట్టేసరికి తేడా తెలిసింది. ఆది తాళానికి ఎనిమిది దెబ్బలు. అతుకు పడిన చోట ఆరో దెబ్బ తర్వాత మళ్లీ ఒకటో దెబ్బ వచ్చేస్తోంది. రెండు దెబ్బలు ఎక్కడో కత్తెర కింద పోయాయి. షాపు కుర్రాడు చూసింది సెకన్లు. పాదం చూసుకునేది ఆవర్తనం.

మేడమ్ నవ్వి, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. పాటను కోయాలంటే ఆవర్తనం పూర్తయ్యి సమం మీదికి వచ్చే చోట కోయాలి. పాదం మాట మధ్యలో కోయకూడదు. జతులు మొదలయ్యే ముందు ఊపిరి తీసుకునేంత ఎడం ఉండాలి. మొదట్లో రెండు సెకన్ల మౌనం వదలాలి, లేకపోతే అక్కడ మీట నొక్కేవాడి వేగానికి నువ్వు పరుగెత్తాలి. చివర పాట చప్పున తెగకుండా ఒక ముక్తాయింపుతో ముగియాలి. ఇవన్నీ సరిచేయించి తెచ్చాక అమ్మాయి పళ్లెం ఎక్కింది. మేడమ్ గోడకు ఆనుకుని చూసింది.

అయిపోయాక చప్పట్లు కొట్టలేదు. "బాగా వచ్చింది. కానీ ఐదు నిమిషాల్లో ఒక్కసారి కూడా నా మొహం చూడలేదు నువ్వు" అంది.

"పళ్లెం జారుతుందేమోనని మేడమ్..."

"పళ్లెం జారకుండా చూసుకోవాలి నిజమే. కానీ నిన్ను పిలిచింది బ్యాలేకి. వాళ్లకు కావాల్సింది పాత్ర వేసే మనిషి. నువ్వు పళ్లెం వెనకాల దాక్కున్నావు."

ఆ మాట అమ్మాయికి గుచ్చుకుంది. తిరుగు బస్సులో టికెట్టు వెనకాల ఏమీ రాయలేదు. దాక్కోవడం అనే మాట దగ్గరే ఆగిపోయింది. నిజమే. ఎనిమిదేళ్లలో ఆమెకు బాగా పట్టుబడినవన్నీ పాదాల పనులు. అడుగులు, జతులు, పళ్లెం. అభినయం అనగానే కళ్లు నేలకు దిగిపోతాయి. బడిలో కూడా అంతే. జవాబు తెలిసినా చెయ్యెత్తదు. పళ్లెం మీద ఉన్నప్పుడు కిందికి చూస్తున్నా ఎవరూ తప్పు పట్టరు. అందుకే పళ్లెం ఇష్టమైందేమో!

మరుసటి ఆదివారం మేడమ్ ఒక పరీక్ష పెట్టింది. స్పీకరు పక్కన నిలబడి, పాట నడుస్తుండగానే శబ్దం పూర్తిగా తగ్గించేస్తుంది. లోపల పాట సాగుతూనే ఉంటుంది, బయటికి వినపడదు. అమ్మాయి ఆడుతూనే ఉండాలి. నాలుగు ఆవర్తనాల తర్వాత మళ్లీ శబ్దం పెంచుతుంది. అప్పటికి పాదం ఎక్కడుంది, పాట ఎక్కడుంది అన్నది లెక్క.

ముందు తరంగం. శబ్దం పోగానే పాదాలు పరుగందుకున్నాయి. పాట తిరిగొచ్చేసరికి అమ్మాయి రెండు దెబ్బలు ముందుంది. తర్వాత నాన్న మాట తీసేయలేక స్వర్ణకమలం పాట. ఇది ఇంకా అన్యాయం. సినిమా పాటలో వయొలిన్ల గుంపు ఒక చోట ఉప్పెనలా లేస్తుంది, ఇంకో చోట వేణువు ఒక్కటే మిగులుతుంది. ఆ ఎత్తుపల్లాలు కెమెరా కోసం కట్టినవి. ఒక ముక్కలో నర్తకి గుడి మెట్ల మీద ఉంటుంది, ఇంకో ముక్కలో ఏటి ఒడ్డున ఉంటుంది. మధ్యలో ఆమె ఊపిరి తీసుకుంటుంది, నీళ్లు తాగుతుంది, చీర కూడా మార్చుకుంటుంది. ఆడిషన్ గదిలో అవేవీ ఉండవు. శబ్దం తగ్గించగానే అమ్మాయి అడుగు వెయ్యడమే మర్చిపోయి నిలబడిపోయింది. అన్నాళ్లూ ఆడించింది వయొలిన్లేనని అప్పుడు తెలిసింది.

"మంచి పాటే. కానీ అది నీ లోటును కప్పుతోంది. కప్పేది తీసేస్తే ఏం మిగిలిందో చూడు" అంది మేడమ్. తర్వాత తనే ఒక మాట చెప్పింది. "సత్యభామ ప్రవేశ దరువు చెయ్యి."

భామాకలాపం పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. సిద్ధేంద్రయోగి కూర్చాడని కూచిపూడివాళ్లు నమ్మే కలాపం. అందులో ప్రతి పాత్రా తన పాటతో తానే వస్తుంది. ఆ పాటే ప్రవేశ దరువు. సత్రాజిత్తు కూతురు, కృష్ణుడి ముద్దుల భార్య, తెర వెనకనుంచి ముందు జడను చూపిస్తుంది, ఆ తర్వాతే మనిషి కనిపిస్తుంది. నేనెవరో తెలుసా అని అడుగుతూ, తన రూపాన్నీ పుట్టినింటినీ మగడి ప్రేమనూ చెప్పుకుంటుంది. ఒకప్పుడు ఆ జడను తెర మీదినుంచి వేయడమే సవాలు. విద్యలో తనను మించినవాళ్లు ఉంటే ముందుకు రమ్మని అర్థం. 2012లో కన్నుమూసిన వేదాంతం సత్యనారాయణశర్మ మగవాడై ఉండి ఈ సత్యభామను వేస్తే, ఆడవాళ్లు నడక నేర్చుకునేవారని చెప్పుకుంటారు.

ఆడిషన్‌కు దరువు ఎందుకు మంచిదో మేడమ్ వేళ్లు మడిచి చెప్పింది. పాత్ర ఉంది. నడక ఉంది. మధ్యలో జతులున్నాయి, కాబట్టి పాదం బలమూ తెలుస్తుంది. మాటలు తెలుగు, కాబట్టి అర్థం అడిగితే చెప్పగలవు. అన్నిటికన్నా ముఖ్యం, దరువు మొదటినుంచీ చూసేవాళ్ల కళ్లలోకి చూడక తప్పదు.

"అంత గర్వం నాకు రాదు మేడమ్" అంది అమ్మాయి.

"రాకపోతే నేర్చుకో. పళ్లెం మాత్రం పుట్టుకతో వచ్చిందా?"

పేరున్న ఒక బృందం పాడిన దరువు ఫోన్లో దొరికింది. శబ్దం తగ్గించే పరీక్షలో అదీ తప్పింది. ఒకటిన్నర దెబ్బ వెనక. సత్యభామ అయినంత మాత్రాన తాళం నిలబడుతుందా!

ఆ వారం త్రిపురారంలో కోతలు మొదలయ్యాయి. పగలు హార్వెస్టర్ల చప్పుడు, రాత్రి మిర్యాలగూడ మిల్లులకు ధాన్యం మోసే ట్రాక్టర్ల చప్పుడు. ఇంటి ముందు వాకిట్లో చీకటి పడ్డాక అమ్మాయి సాధన. ఫోను పక్కన పెట్టింది, పాట పెట్టలేదు. పాట లేకుండా నాలుగడుగులు, మళ్లీ పాట పెట్టి చూడటం, మళ్లీ తప్పడం. నాయనమ్మ మంచం మీద కూర్చుని చూసింది, చూసింది, చివరికి నోరు విప్పింది.

"నోట్లె పాట లేకుంటే కాళ్లు ఉరుకుతయ్ బిడ్డా. నువ్వే పాడుకుంట ఆడు. ఊపిరి అడ్డం పడ్తది, ఎట్ల ఉరుకుతవ్?"

"పాడుతూ ఆడితే ఆయాసం వస్తది నాయనమ్మా."

"రానియ్యి. మాకు డబ్బాలు యాడియి? తొమ్మిది దినాలు బతుకమ్మ ఆడినం. పాట మేమే, సప్పట్లు మేమే. ఒకామె ఎత్తుకుంటది, మిగిలినోళ్లం ఉయ్యాలో అంటం. ఆడికి ఊపిరి తీసుకున్నట్టు."

బతుకమ్మ పాట కట్టు అదే. చరణం ఒకరిది, చివర వచ్చే ఉయ్యాలో అందరిదీ. చప్పట్లే తాళం. వంగి చప్పట్లు కొట్టి, లేచి ఒక అడుగు జరగాలి. వాయిద్యం ఏదీ లేకుండా వందమంది ఆడవాళ్లు గంటల తరబడి ఒక్క లయలో తిరుగుతారు. పూనకం వచ్చినట్టు వేగం పెంచేవాళ్లుంటే పక్కనున్న ఆమె మోచేత్తో పొడిచి ఆపుతుంది.

"ఇంకోటి జెప్త. ఆడేటప్పుడు ఎదురుంగ ఉన్నదాని మొకం జూస్తం. కింద జూస్తే సప్పట్లు తప్పుతయ్."

మేడమ్ చెప్పిన మాటే మళ్లీ ఇంట్లో వినపడేసరికి అమ్మాయి ఉలిక్కిపడింది. వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. "నాయనమ్మా, నీకు ఎప్పుడన్న గర్వం అనిపించిందా?"

ముసలావిడ చాలాసేపు ఆలోచించింది. తర్వాత బోసి నోటితో నవ్వింది. "మీ నాయిన కడుపుల ఉన్న యేడు. వాడకట్టులందరికన్న నా బతుకమ్మే పెద్దగున్నది. గునుగు, తంగేడు... నా ఎత్తు ల్యాకున్నా, సగం ఎత్తున్నది. నెత్తి మీద పెట్టుకోని చెరువుకాడికి నడిస్తే..." మాట ఆపి లేచింది. మోకాళ్లు పట్టుకుని నిలబడింది. ఒక చెయ్యి తల మీద లేని బతుకమ్మకు ఆనించి, మెడ నిటారుగా పెట్టి, వాకిట్లో నాలుగడుగులు వేసింది. అటూ ఇటూ చూడటానికి మెడ తిప్పలేదు. కళ్లు మాత్రమే కదిలాయి, అందరూ చూస్తున్నారా లేదా అని.

అమ్మాయికి సత్యభామ దొరికింది.

మూడు రోజులు పాట వినకుండా, తనే పాడుకుంటూ ఆడింది. గొంతు బొంగురు పోయింది. నాలుగో రోజు పాట పెట్టి, మధ్యలో శబ్దం తగ్గించి, మళ్లీ పెంచితే పాదం పాటతోనే ఉంది. ఒకప్పటి కూచిపూడి భాగవతులు ఆడుతూనే పాడేవాళ్లు, పలికేవాళ్లు. పాట వెనకనున్న బృందానికి పూర్తిగా అప్పజెప్పడం తర్వాత వచ్చిన సుఖం. ఆ సుఖంలో ఏం పోతుందో అమ్మాయికి కాళ్లతో తెలిసింది.

ఇంకో చిక్కు మిగిలే ఉంది. ఫోన్లో దొరికిన దరువు నిడివి తొమ్మిది నిమిషాలు. పాడింది మగ గొంతు. శ్రుతి అమ్మాయి గొంతుకు చాలా కింద. పాడుకుంటూ ఆడాలంటే కుదరదు. నడక కూడా అనుభవం ఉన్న నర్తకి కోసం నింపాదిగా సాగింది. అంత నెమ్మదిగా వెళ్తే ఒక్కో చూపును అంతసేపు నిలబెట్టాలి, పదిహేడేళ్ల పిల్లకు అది భారం. "మనమే పాడుకుందాం" అంది మేడమ్.

గుడి ఉత్సవాల్లో వాయించే మృదంగం ఆయనను బతిమాలారు. తెల్లవారుజామున ఐదింటికి, మిల్లు లారీలు కదలకముందే మేడమీది గదిలో చేరారు. మేడమ్ చేతిలో నట్టువాంగం తాళాలు. ముందు శ్రుతి పెట్టె. ఫోను ఒక స్టీలు గ్లాసుకు ఆనించి నిలబెట్టారు. ఏప్రిల్ ఉక్క. అయినా ఫ్యాను ఆపేశారు, లేకపోతే గాలి చప్పుడు పాటకన్నా ముందు వినిపిస్తుంది. మొదటిసారి లారీ హారను పడింది. రెండోసారి మేడమ్‌కు దగ్గొచ్చింది. మూడోసారి అంతా సవ్యంగా సాగి, ఇంక అయిపోతుందనగా పక్కింట్లో కుక్కరు కూత పెట్టింది. మృదంగం ఆయన వాయిస్తూనే నవ్వేశాడు. వినిచూస్తే ఆ కూత సరిగ్గా ఐదో దెబ్బ మీద పడింది.

"ఉండనివ్వండి, తాళంలోనే ఉంది" అంది మేడమ్, చెమట తుడుచుకుంటూ. నాలుగు నిమిషాల నలభై సెకన్లు.

ఆడిషన్ రోజు నాన్న హార్వెస్టర్ వంతు పక్క పొలం వాళ్లకు ఇచ్చేసి వచ్చాడు. మిర్యాలగూడలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగారు. హాలు బయట వరండాలో అమ్మాయిలు, తల్లులు, సంచులు. సంచుల్లోంచి ఇత్తడి పళ్లేల అంచులు తొంగిచూస్తున్నాయి. నాన్న మెల్లగా లెక్కపెట్టాడు. "పదకొండు పళ్లేలున్నయ్ బిడ్డా. మనది తెస్తే పన్నెండోది అయ్యేది." స్వర్ణకమలం మాట మళ్లీ ఎత్తలేదు.

పిలుపు వచ్చింది. ముగ్గురు పెద్దలు వరసగా కూర్చున్నారు. కిటికీలోంచి నాన్నకు సగమే కనబడుతోంది. ముందు రెండు సెకన్ల మౌనం. తర్వాత మేడమ్ గొంతు. వాయిద్యాల హోరు లేదు, ఒక గొంతు, ఒక మృదంగం, తాళాలు, అంతే. అప్పటిదాకా కాగితాల్లో ఏదో రాసుకుంటున్న ఒకాయన తలెత్తాడు. అమ్మాయి జడను ముందుకు తెచ్చింది, మెడ తిప్పకుండా కళ్లు తిప్పింది. నాన్నకు తెలిసిన నడకే అది, ఎక్కడ చూశాడో మాత్రం గుర్తు రాలేదు.

మూడో నిమిషంలో ఆ పెద్దాయన చెయ్యెత్తి స్పీకరు ఆపమన్నాడు. పాట ఆగిపోయింది. "నువ్వు ఆపకమ్మా" అన్నాడు. ఇది ప్రతి అమ్మాయికీ పెడుతున్న పరీక్షో, అప్పుడే తోచిందో ఎవరికీ తెలియదు. రంగస్థలం మీద కరెంటు పోవచ్చు, మైకు మూగబోవచ్చు, పాడేవాళ్లు ఒక చరణం మింగేయవచ్చు. నాటకం ఆగకూడదు. అమ్మాయి నోరు తెరిచి పాడుతూ ఆడింది. గొంతు సన్నగానే వచ్చింది, వణికింది కూడా. తాళం మాత్రం జరగలేదు. ఆయన వేళ్లు బల్ల మీద ఆమె లెక్కనే వేస్తున్నాయి. చివరి జతికి మళ్లీ స్పీకరు పెట్టమన్నాడు. కాసేపటికి కుక్కరు కూత వినిపించింది. ముగ్గురూ నవ్వారు. అమ్మాయి నవ్వలేదు. నేను మాట్లాడుతుంటే అడ్డొచ్చిందెవరన్నట్టు సత్యభామలా కనుబొమ్మ ఎత్తి ఆ వైపు చూసింది. వాళ్లు ఇంకా నవ్వారు.

వారం తర్వాత ఫలితం వచ్చింది. సత్యభామ పాత్ర ఆమెకు రాలేదు. అది ఎన్నో ఏళ్ల అనుభవమున్న మరో నర్తకికి వెళ్లింది. త్రిపురారం అమ్మాయి ఎనిమిది మంది సఖుల్లో ఒకరు.

"గింత కష్టపడితే సఖుల్లనా?" నాన్న కొంచెం నిరాశపడ్డాడు.

నాయనమ్మకు అది నిరాశ అనిపించలేదు. "ఎన్మిది మంది ఎదురెదురుంగ ఆడుతరా? గట్లయితే మంచిదే. మొకాలు సూసుకుంట ఆడొచ్చు" అంది.

నాలుగు రోజులకు సంస్థవాళ్లు సఖుల పాట ఫోనుకు పంపారు. ఈసారి ఎంచుకునే పని లేదు. వచ్చిన పాటకు ఆడాలి. మిశ్రచాపు, ఏడు దెబ్బలు. ఆదివారం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. జీరో టికెట్టు వెనక్కి తిప్పి తకిట, తకధిమి అని రాసుకుంది. ఫోను సంచిలో పడేసింది. పక్క సీట్లో ఉన్న ఆమె తిరిగి చూస్తున్నా, తల దించుకోకుండా, పాట మొదటి ముక్క మెల్లగా పాడుకోవడం మొదలుపెట్టింది.